మొగ తెరిచేవాళ్ళు

సొన్‌హో, మార్చి 12, 1992

తమ్ముడు కిల్మోకి,

అక్క రాస్తున్నాను. చలి తగ్గింది, మోకాలి నొప్పి తగ్గలేదు, మీ బావ సముద్రంలో ఉన్నాడు. ఇంటి క్షేమం అంతే. ఇక అసలు సంగతి.

మా సరస్సు మొగ, అదే సముద్రంలో కలిసే నోరు, పూడిపోయింది. పోయిన అక్టోబరులోనే పూడింది, నీకు రాయలేదు. గాలి లేదు, ఆకు కదల్లేదు, ఆకాశం తుడిచిన పళ్ళెంలా ఉంది. ఎక్కడో మన కంటికి ఆనని దూరంలో తుఫాను రేగిందట, దాని అలలు మాత్రం ఇక్కడిదాకా నడిచొచ్చాయి. పొడుగ్గా, బద్ధకంగా, ఒక్కొక్కటీ నిద్రలో పక్కకి తిరిగే ఎద్దులా. రెండు రోజులు అలా తిరిగాయి. మూడో రోజు పొద్దున మేం పడవలు నడిపిన చోట హ్వచొన్ వదిన మేకని తోలుకుంటూ నడిచి వెళ్ళింది. ఎవరూ ఒక్క తట్ట మట్టి వెయ్యలేదు. సముద్రమే ఇసుక తెచ్చి తలుపు వేసుకుంది.

ఇప్పుడు కొండమీద మంచు కరిగి సరస్సు నిండుతోంది. నీళ్ళు మా పెరటి రెండో మెట్టు మీదున్నాయి. అజేలియా పూసే వేళకి హ్వాంగో చేపలు గుడ్లు పెట్టడానికి సముద్రంలోంచి వస్తాయి. ఆలోగా దారి లేకపోతే వాటికి ఏడాది పోతుంది, మాకు ఇల్లు పోతుంది.

జిల్లా ఆఫీసు నుంచి మనుషులొచ్చి మొగకి అడ్డంపడిన ఇసుక మేట మీద ఎర్రజెండాలు పాతారు. ఇసుక కోస్తారట, అటూ ఇటూ సముద్రంలోకి రెండు రాతి చేతులు కడతారట, ఇక మొగ ఎప్పటికీ మూసుకోదట. మగవాళ్ళు సమావేశమై సరేనని చేతులెత్తారు. మేం బయట కూర్చుని ఆ చేతులకి నూడుల్స్ ఉడకబెట్టాం. దీని సంగతి ఏదో తేల్చుకోవాలి.

మీ అఖాతానికి అడ్డంగా వేస్తున్న కట్ట ఎంతవరకొచ్చింది? రాయి.

అక్క పిల్‌రే

*

కుల్‌గే, మార్చి 19

అక్కా,

కొయ్యనివ్వకు. ముందు ఆ మాట, తర్వాత కుశలాలు.

ఎర్రజెండా చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇక్కడా మొదట జెండాలే పాతారు. తర్వాత పటం తెచ్చారు. ఆ పటంలో మన బురదనేలకి పేరు లేదు, "ఖాళీ స్థలం" అని ఉంది. అమ్మ మోకాళ్ళ లోతున కూరుకుని ముప్ఫై ఏళ్ళు ఆల్చిప్పలు ఏరిన చోటు ఖాళీ స్థలమట. నువ్వూ నేనూ కాలి బొటనవేలితో పీతల బొరియలు వెతికిన చోటు ఖాళీ స్థలమట. ఎండినదాన్ని భూమి అంటారు, తడిసినదాన్ని సముద్రం అంటారు. రోజుకి రెండుసార్లు అదీ ఇదీ అయ్యేదాన్ని ఏమనాలో వాళ్ళ ఆఫీసులో ఎవరికీ తెలీదు, అందుకని దేశాభివృద్ధి అన్నారు.

కట్ట రెండు వైపుల నుంచీ వచ్చేసింది. మధ్యలో ఒక్క గండి మిగిలింది. అక్కా, ఒక్కసారి వచ్చి చూడు. అఖాతం నిండా పరుచుకుని వచ్చే పోటు మొత్తం ఇప్పుడు ఆ సందులోంచే దూరాలి. పోటు వేళకి గండికి ఇవతలా అవతలా నీటిమట్టం ఒకటి కాదు, మధ్యలో మెట్టు. సముద్రానికి మెట్టు ఉండడం నేనెప్పుడూ చూళ్ళేదు. ఇంటంత బండల్ని ఇనుప వలల్లో కట్టి వేస్తున్నారు. వేసినవాటిని అది పెసరగింజల్లా దొర్లించుకుపోతోంది. కాంట్రాక్టరు మనుషులు కూడా టోపీలు తీసి చూస్తున్నారు. ఎంత కోపంలో ఉన్నా నాకూ చేతులు జోడించాలనిపించింది. దేవుడు లేడని పేపర్లో రాసేవాణ్ణి, ఈ ముక్క ఎవరికీ చెప్పకు.

మీ మేటని కొయ్యడమంటే సముద్రం వందల ఏళ్ళు కట్టుకున్నదాన్ని ఒక్క యంత్రం తెగ్గొట్టడం. అక్కడ మూస్తారు, ఇక్కడ కోస్తారు, రెండూ ఒకే చెయ్యి. ఉపాయం చెబుతా విను: పౌర్ణమి ఆటు చూసుకోండి. సముద్రం వెనక్కి వెళ్ళగానే ఆడవాళ్ళంతా వెళ్ళి జెండాలు పీకండి. మళ్ళీ పోటు వచ్చేదాకా ఆరు గంటలు మీవే, ఏ పడవా రాదు.

మిగతాది నా ప్రెస్సు చూసుకుంటుంది.

కిల్మో

*

కుల్‌గే, మార్చి 26

అక్కా,

దీంతో కాగితం ఒకటి పెట్టాను, చదివి ఊరంతా పంచు. "సొన్‌హో ఇసుక మీద చెయ్యి వెయ్యొద్దు" అని మొదటి పేజీ నిండా వేశాను. జిల్లా ఆఫీసుకి పంపాను, సియోల్ పేపరుకి పంపాను. అక్కడ నాతో జైల్లో ఉన్నవాడొకడు ఎడిటరు. వేస్తానన్నాడు. "ఒక్క గుప్పెడు ఇసుక కూడా, ఎవరూ, ఏ కారణానికీ కదపరాదు" అన్న వాక్యం నాదే. మూడుసార్లు తిరగరాశాను.

సంపాదకుడి సంతకం కింద "సొన్‌హో మహిళల తరఫున" అని పెట్టాను. నీ తరఫున నేను కాకపోతే ఎవరు మాట్లాడతారు.

ఉప్పులో ఊరేసిన ఆల్చిప్పలు ఒక సీసా పంపుతున్నాను. ఇవే చివరివి.

కిల్మో

*

సొన్‌హో, మార్చి 27

ఒరే కిల్మో,

నీ పందొమ్మిదో తేదీ ఉత్తరం చదివి నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలీలేదు. ముందు నవ్వాను.

ఆరు గంటలు మీవే అన్నావు చూడు. నేను ఈ ఊరికి కోడలిగా వచ్చిన మూడో రోజు, బుట్ట చంకన పెట్టుకుని, పాంటు మోకాళ్ళదాకా మడుచుకుని, ఒడ్డున నిలబడ్డాను. పొద్దెక్కింది. మా అత్త వచ్చింది.

"ఎవరి కోసమే నిలబడ్డావు?"

"సముద్రం వెళ్ళడం కోసం అత్తా."

"ఎక్కడికి వెళుతుంది? దానికి పుట్టిల్లుందా?"

ఊరంతా ఏడాదిపాటు ఇదే చెప్పుకుని నవ్వింది. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో ఎవరో ఒకరు "కుల్‌గే ఆవిడా, సముద్రం వెళ్ళిందా?" అంటారు. ఇక్కడ ఆటుకి ఎంత నీరు దిగుతుందో తెలుసా? జానెడు. పౌర్ణమికైనా జానెడే. ఈ తూర్పు తీరానికి పోటు యజమాని కాదురా, అల యజమాని. అక్కడ సముద్రం నడుస్తుంది, ఇక్కడ కొడుతుంది. అల ఏటవాలుగా వచ్చి ఇసుకని ఇటు జరుపుతుంది, ఇంకో కాలంలో అటు జరుపుతుంది. మేం చూస్తున్న ఒడ్డు నిరుడు చూసిన ఒడ్డు కాదు. ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నాను, ఒక్క పొద్దున కూడా అలవాటు కాలేదు.

ఇప్పుడు కోపం. కొయ్యొద్దు అంటావేమిటి? కొయ్యాలి. కొయ్యకపోతే మునుగుతాం. ప్రతి వసంతంలోనూ మేమే కోస్తాం, ఆడవాళ్ళం, చేతుల్తో. అందులోనూ బయటి ఊళ్ళ నుంచి వచ్చిన కోడళ్ళే. ఇక్కడ పుట్టినవాళ్ళు పార పట్టరు. బయటివాళ్ళకి దారి తెరవడం బయటి నుంచి వచ్చినవాళ్ళకే చేతనవుతుందని మా అత్తల నాటి మాట. సముద్రం వైపు నుంచి కాలవ తవ్వుకుంటూ సరస్సు దాకా వస్తాం. చివర్న చేటంత ఇసుక వదిలి, అందరికంటే ఆలస్యంగా ఈ ఊరొచ్చిన మనిషి చేత సొరబుర్రతో అది తీయిస్తాం. అలలు పడుకున్న రోజు చూసుకోవాలి, అంతే. అలలు లేచి ఉండగా తవ్వితే సాయంత్రానికి పూడ్చేస్తాయి.

కొయ్యడం కాదు పాపం, రాతి చేతులు పాపం. పక్క ఊళ్ళో కట్టారు. గోడకి ఇవతల ఇసుక గుట్టలు పడింది. అవతల ఇసుక అందక అలలు ఇళ్ళ పునాదులు నాకుతున్నాయి. అల చేతిలో ఇసుక లాక్కుంటే అది పక్కింటి గోడ అడుగుతుంది.

మీ కట్టకి అంత బెంగ దేనికి? ఒక్క తుఫాను రానీ, సముద్రమే తన్ని తెరుస్తుంది. సముద్రం ఎక్కడ ఊరుకుంది?

నేను చెప్పేదాకా ఏదీ అచ్చు వెయ్యకు. నీ నోటికి తాళం లేదు, నీ ప్రెస్సుకి అసలే లేదు.

అక్క

*

సొన్‌హో, ఏప్రిల్ 9

కిల్మోకి,

తమ్ముడూ అని రాయబుద్ధి కావడం లేదు.

నీ కాగితం వచ్చింది. నీ ఎడిటరు వేసిన పేపరూ వచ్చింది. దాని వెనకే జిల్లా ఆఫీసు వాళ్ళొచ్చారు. రాతి చేతుల పని ఆపారు, సంతోషం. మేట చుట్టూ తాడు కట్టి, బోర్డు పాతి, నామ్ అనే గుమాస్తాని కుర్చీ వేసి కూర్చోబెట్టారు. బోర్డు మీద ఏముందో తెలుసా? "సొన్‌హో మహిళల కోరికపై ఇక్కడ ఒక్క గుప్పెడు ఇసుక కూడా కదపరాదు." నీ వాక్యమేరా. మూడుసార్లు తిరగరాసినది.

నేను వెళ్ళి అడిగాను. "మేం ఏటా తవ్వుకుంటాం బాబూ." నామ్ పేపరు తీసి చూపించాడు. "మీరే వద్దన్నారు కదమ్మా, మీ తరఫునే కదా." నా తరఫున నాకే అడ్డుపడే మగాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు. కొత్తగా ఒకణ్ణి పడమటి ఒడ్డు నుంచి పంపక్కర్లేదు. సమావేశంలో చేతులెత్తినవాళ్ళకీ నీకూ తేడా ఏమిటి? వాళ్ళు మమ్మల్ని అడగలేదు. నువ్వూ అడగలేదు. నువ్వు మా పేరు కూడా వాడుకున్నావు.

హ్వచొన్ వదిన నా మొహం చూడ్డం లేదు. నీళ్ళు వంటింట్లోకి వచ్చాయి. పొయ్యి కింద గూడు తడిసి, మంట పెడితే దగ్గుతోంది. అజేలియా పూసింది.

చేపలొచ్చాయి. నిన్న మేట మీదికి వెళ్ళలేక, పక్క బండ ఎక్కి చూశాను. అల లేచినప్పుడు దాని పచ్చటి గోడలోంచి కనపడ్డాయి, వేలకొద్దీ, పొట్టకి ఎర్రచార పడి, అన్నీ ఇటే మూతులు పెట్టి. సరస్సు నీరు ఇసుక కిందనుంచి కొద్దికొద్దిగా ఊరుతుంది. ఆ తీపినీటి వాసన పట్టుకుని నిలబడ్డాయి. అల వాటిని ఇసుక మీదికి విసురుతుంది, అవి వెనక్కి జారి మళ్ళీ వరస కడతాయి. ఏ కాగితం చదివి వచ్చాయవి? ఇక్కడ దారి ఉండేదని వాటికి ఎవరు చెప్పారు? నాకు నీ మీద కోపం కూడా కాసేపు గుర్తు రాలేదు.

తర్వాత గుర్తొచ్చింది.

ఇంకో మాట. ఒక్క సీసా పంపి "ఇవే చివరివి" అని రాస్తావా? అక్క మీద అలిగి ఊరగాయ ఆపేస్తావా? ఆపెయ్. నేనూ ఎండుచేప పంపను.

పిల్‌రే

*

కుల్‌గే, ఏప్రిల్ 14

అక్కా,

తప్పు జరిగింది. అయినా ఆ వాక్యం నిర్మాణంలో లోపం లేదు. దాన్ని వాడుకున్న పద్ధతిలో ఉంది. ప్రజల మాటని బోర్డుగా మార్చి ప్రజల మీదే పాతడం ఈ ప్రభుత్వాలకి వెన్నతో పెట్టిన విద్య. దీని మీద వేరే వ్యాసం రాయాలి. రాయను, కంగారుపడకు.

వస్తున్నాను. పదిహేడున పౌర్ణమి, పద్దెనిమిదికి అక్కడ ఉంటాను. నవ్వుకో. నువ్వెంత చెప్పినా నా కాళ్ళు పౌర్ణమికే కదులుతాయి. ప్రెస్సు మూసేశాను. పేపరు ఇక్కడ చదివేవాళ్ళు తగ్గారు. సముద్రం సంగతి ఉత్తరంలో తేలేది కాదు.

నామ్ అనే గుమాస్తాకి పిల్లలున్నారా? తెలుసుకో. వాదించేముందు మనిషి సంగతి తెలిసుండాలి.

కిల్మో

*

సొన్‌హో, ఏప్రిల్ 25

తమ్ముడికి,

బస్సులో భోజనం తిన్నావా లేదా? బుట్టలో బుక్‌వీట్ అట్లు పెట్టాను, చూసే ఉంటావు.

ఆ రోజు నీ వెనక ఏం జరిగిందో చెబుతాను. నువ్వు చూడలేదు కదా, నీ వీపు మా వైపు ఉంది.

నువ్వు వెళ్ళి నామ్ కుర్చీ ముందు నిలబడి "ఈ బోర్డు రాసింది నేనే" అన్నావు. ఆ మాట మాకు వినిపించింది. మాకే కాదు, పడవల్లో ఉన్నవాళ్ళకీ వినిపించింది. అతను లేచి నమస్కారం చేశాడు. నువ్వు మొదలుపెట్టావు. ఒక్క గుప్పెడు కూడా కదపరాదంటే గాలి కదిపితే ఎవరిది బాధ్యత అన్నావు. అల కదిపితే అల మీద కేసు పెడతావా అన్నావు. రాజ్యాంగం అన్నావు. అతను ఒక్కొక్కదానికీ "నిజమే సార్, కానీ" అంటున్నాడు. నువ్వు ఆ "కానీ"ని పట్టుకుని మళ్ళీ మొదటికెళుతున్నావు. హ్వచొన్ వదిన నా చెవిలో, "మీ తమ్ముడు దేవుడిచ్చిన వరమే, ఇంకాసేపు ఇలాగే ఉండనీ" అంది. పన్నెండు రోజుల తర్వాత ఆమె నాతో మాట్లాడిన మొదటి మాట అది.

అప్పటికే మేం తాడు కిందనుంచి దూరాం. సముద్రం పళ్ళెంలో పాలలా ఉంది. పారలు తేలేదు, చప్పుడవుతుందని. మూకుళ్ళూ చేతులూ. నీ గొంతు పెరిగినప్పుడల్లా గబగబా తవ్వాం, నువ్వు ఊపిరి తీసుకున్నప్పుడు ఆగాం. నీ వాదనలో ఇంత పనికొచ్చే సంగతి ఉందని ముందే తెలిస్తే చిన్నప్పుడు నిన్ను అన్ని దెబ్బలు కొట్టేదాన్ని కాదు.

చేటంత ఇసుక మిగిలింది. అప్పుడు నేను పిలిచాను, "కిల్మో, చాలు, ఇలా రా" అని. అందరికంటే ఆలస్యంగా ఈ ఊరొచ్చింది నువ్వే కదా. "మగాడు కదే" అని ఎవరో అన్నారు. "బయటివాడా కాదా?" అంది వదిన. అంతటితో అయింది. నామ్ నీ వెనకే పరిగెత్తుకొచ్చాడు, ఆపడానికి.

తర్వాతది నువ్వూ చూశావు, అయినా రాస్తాను, రాయకపోతే నాకు నిద్ర పట్టదు. నువ్వు సొరబుర్రతో ఒక్క ముంత ఇసుక తీశావు. వేలెడు నీరు దాటింది. పిల్లాడు పోసినంత ధార. అది కాలవలో పడి, ఇసుకలో ఇంకుతూ, ఆగుతూ, మనసు మార్చుకున్నట్టు పాకుతూ సముద్రాన్ని అందుకుంది. నువ్వు నా వైపు తిరిగి, "ఇంతేనా?" అన్నావు. అంటూండగానే నీ కాలి కింద ఒడ్డు విరిగింది. తర్వాత నామ్ బోర్డు. తర్వాత అతని కుర్చీ. ఇంటి గోడంత ఇసుక గోడలు నిలువునా కూలి నీళ్ళయ్యాయి. నీళ్ళు నీళ్ళ మీదికెక్కి నిలబడ్డాయి, ముందుకి పోతూనే ఒకే చోట నిలబడిన అలలు. నేల మోగింది. ఆరు నెలలు మౌనంగా పడుకున్న సరస్సు లేచి వెళుతోంది, మేం తవ్విన జానెడు కాలవ చెరువంత వెడల్పయింది. దాన్ని ఏ పటం గీసింది? ఎవరు చేతులెత్తారు? ఆ ఉరవడికి ఎదురు హ్వాంగోలు బయలుదేరాయి. నల్లటి వీపులు, ఒకదాన్నొకటి తోసుకుంటూ, ఎక్కుతూ. నామ్ బూట్లు చేత్తో పట్టుకుని మోకాళ్ళ లోతులో నిలబడి ఉన్నాడు. అతని ఊరు కొండల్లో ఎక్కడో అట. "ఇది ప్రతి ఏడూ జరుగుతుందా అమ్మా?" అన్నాడు. పై ఆఫీసుకి మాత్రం "మొగ దానంతటదే తెరుచుకుంది" అని రాశాడట. ముప్పావు వంతు నిజమే.

నువ్వూ ఒక మాట అడిగావు. "మళ్ళీ పూడుతుందా?" అన్నావు. అక్టోబరుకి పూడుతుందన్నాను. "మళ్ళీ తెరుస్తారా?" అన్నావు. తెరవక ఏం చేస్తాం అన్నాను. నువ్వు తడి ఇసుక మీద కూలబడి, మొహం మోచేతుల్లో పెట్టుకున్నావు. అలసిపోయావనుకున్నాను.

నువ్వు వెళ్ళాక ఊరగాయ సీసా తీశాను. అడుగున రెండు చిప్పలు మిగిలాయి. తినబోతూ ఆగిపోయాను.

కిల్మో, మీ గండి మూసేశారా? ఎప్పుడు?

అక్క

*

కుల్‌గే, మే 3

అక్కా,

మార్చి ఇరవై నాలుగున.

ఆటు అడుగంటిన వేళ, నీరు అటూ ఇటూ కదలకుండా నిలిచే కాసేపు ఉంటుంది చూడు, అమ్మ "సముద్రం ఆలోచిస్తోంది" అనేది, అప్పుడు చూసి ఆఖరి బండలు వేశారు. మన లెక్కలన్నీ నేర్చుకుని మన మీదే వేశారు. ఊరి వాళ్ళం కట్ట మీద నిలబడ్డాం. పోటు వచ్చింది, వేళ తప్పకుండా. కట్టని తాకింది. నువ్వు రాశావే తన్నుతుందని, తన్నలేదు. మన సముద్రానికి కొట్టడం రాదక్కా, రావడం పోవడం తప్ప. తలుపు మూసి ఉంటే బయట నిలబడింది. కాసేపుండి వెళ్ళిపోయింది. మళ్ళీ సాయంత్రం వచ్చింది.

రెండు రోజుల తర్వాత నీ ఇసుక గురించి రాశాను. ఎవరిదో ఒకరి ఇసుక కాపాడాలి అప్పుడు నాకు. నిన్ను అడగాలని తోచలేదు. అడిగి ఉంటే చెప్పేదానివి.

ఇక్కడ బురద పగిలి పెంకులు లేస్తోంది. వాన కురిసిన రోజు మాత్రం ఆల్చిప్పలు పోటు వచ్చిందనుకుని నోళ్ళు తెరుచుకుని పైకొచ్చాయి. వర్షం అని వాటికి తెలీదు. అలాగే ఉండిపోయాయి. నేను దాని గురించి పేపర్లో రాయలేకపోయాను. ఇది నీకే రాస్తున్నాను.

రెండు చిప్పలూ తినెయ్యి. దాచకు.

ప్రెస్సు మళ్ళీ తెరిచాను. కట్టకి తూము పెట్టి నీరు వదలమని అడుగుతున్నాం. ఈసారి ఆల్చిప్పలు ఏరుకునే ఆడవాళ్ళనే రాయమన్నాను, వాళ్ళ పేర్లతో, వాళ్ళ మాటల్లో. నాకంటే బూతులు ఎక్కువ వాడుతున్నారు. అచ్చు వేస్తున్నాను.

కిల్మో

*

సొన్‌హో, అక్టోబరు 21

తమ్ముడూ,

నిన్న పూడింది. గాలి లేదు, ఆకు కదల్లేదు. ఇవాళ పొద్దున హ్వచొన్ వదిన మేకని తోలుకుని మొగ మీదుగా నడిచి వెళుతూ చెయ్యూపింది. నామ్ బోర్డు ముక్క ఒకటి సరస్సు అవతలి ఒడ్డుకి కొట్టుకొచ్చింది, "కదపరాదు" అన్నంత మేరకి. వదిన దాన్ని మేకల దొడ్డికి తడికగా కట్టింది.

మీ తూము సంగతి రాయి. పెడతామంటే నమ్మకు, పెట్టేదాకా అరుస్తూనే ఉండు.

ఈ ఏడు ఊళ్ళోకి కొత్త కోడలెవరూ రాలేదు. కాబట్టి అందరికంటే ఆలస్యంగా వచ్చింది ఇప్పటికీ నువ్వే. నీ సొరబుర్ర కడిగి వంటింటి మేకుకి తగిలించాను. అజేలియా పూశాక, అలలు పడుకున్న రోజు కబురు పెడతాను. పౌర్ణమి చూసుకుని బయలుదేరకు.

అక్క పిల్‌రే